చెట్టుకు కట్టిన కాషాయం ఎంతవరకు కాపాడుతుంది?

బ్యాంకాక్‌లో చావో ప్రాయా నది ఒడ్డున ఉన్న ఆలయాల రేవుల్లో చాలాచోట్ల ఒకే దృశ్యం. మెట్ల కింద నీళ్లు సలసల మరుగుతున్నట్టు కనిపిస్తాయి. దగ్గరకు వెళ్తే అవి చేపలు. మోచేయంత పొడవున్నవి వందల సంఖ్యలో ఒకదాని వీపు మీద ఒకటి పొర్లుతూ, భక్తులు విసిరే రొట్టె ముక్కల కోసం నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మనిషి అలికిడికి బెదిరి పారిపోవలసినవి అడుగుల చప్పుడు వింటేనే ఒడ్డుకు చేరతాయి. కొద్ది దూరం అవతల గాలం వేసేవాడు ఇక్కడ వేయడు. గట్టు మీది బోర్డును ఎవరితోనైనా చదివించుకుంటే ‘ఖేత్ అఫయ్‌థాన్’ అని వినిపిస్తుంది. అరిగిపోయిన ఆ పలుకును కాస్త తోమి చూస్తే క్షేత్రం, అభయదానం అనే రెండు పాత మాటలు బయటపడతాయి.

తెలుగు యాత్రికుడికి థాయ్‌లాండ్‌లో ఇలాంటి ఆశ్చర్యాలు అడుగడుగునా ఎదురవుతాయి. విమానం దిగే చోటే సువర్ణభూమి. ప్రకృతిని అక్కడ ‘థమ్మచాత్’ అంటారు. ధర్మం నుంచి జనించినది అని దాని మూలార్థం. సంరక్షణకు వాళ్ల మాట ‘అనురక్’, అంటే అనురక్ష. జాతీయ పార్కు ‘ఉథయాన్ హేంగ్ చాత్’. ఉద్యానమూ జాతీ రెండూ అందులో ఉన్నాయి. మనం వన్యప్రాణులు ఉండే అడవిని అభయారణ్యం అంటున్నాం, వాళ్లు గుడి ముందరి నీటిని అభయదాన క్షేత్రం అంటున్నారు. మాటలు ఇంత దగ్గరగా ఉండేసరికి ఆ దేశపు మనసు కూడా అర్థమైపోయినట్టు అనిపిస్తుంది. పొరపాటు అక్కడే మొదలవుతుంది. బౌద్ధం అహింసను బోధిస్తుంది, థాయ్ ప్రజల్లో అత్యధికులు బౌద్ధులు, కనుక వారు ప్రకృతిని ప్రేమిస్తారు అనే మూడు మెట్ల తర్కం పర్యాటక కరపత్రాలకు బాగుంటుంది గానీ చరిత్ర దానికి సాక్ష్యం చెప్పదు. ఎవరో ఒకరు ఒక గీత గీసి, ఆ గీతను జనం నమ్మిన చోట అక్కడి ప్రకృతి బతికింది. గుడి ప్రహరీ ఒక గీత. చెట్టు చుట్టూ కట్టిన కాషాయం ఒక గీత. సముద్రతీరానికి ఏటా రెండు నెలలు వేసే తాళం మరో గీత. వాటిని ఎవరు గీశారు, బయట ఎవరు మిగిలిపోయారు అని అడుగుతూ పోతే తప్ప థాయ్ ప్రకృతి సంరక్షణ కథ అర్థం కాదు.

వీటిలో గుడి గీత అన్నిటికంటే పాతది. బ్యాంకాక్‌కు ఉత్తరాన, పథుమ్ థానీ ప్రాంతంలోని వాట్ ఫై లోమ్ ఆలయం అందుకు మంచి ఉదాహరణ. గత శతాబ్దం మధ్యలో వేటకు తాళలేక చాలాచోట్ల కనుమరుగైన నత్తగుల్ల కొంగలు ఈ గుడి చెట్ల మీద వేల సంఖ్యలో గూళ్లు కట్టుకుని నిలిచాయి. భిక్షువుల ఎదుట తుపాకీ ఎత్తడానికి ఎవరికీ చేతులు రాలేదు. కొంగలు వస్తేనే ఊరికి మేలని నమ్మే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలాంటి పల్లెలను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అయితే కథ అంతటితో ఆగలేదు. రెట్టల ధాటికి గుడి చెట్లు చాలావరకు ఎండిపోయాయి. ఆ తరువాత దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఒక రకం నత్త పొలాల్లోకి జారి వరిని మేసే చీడగా మారింది; కొంగలకు అది పండుగ భోజనమైంది. ఇప్పుడు అవి దేశమంతా కనిపిస్తున్నాయి. కాపాడింది భక్తి, పెంచింది చీడ.

గుడి గోడ దాటితే అడవి పట్ల ఉన్న భావం వేరు. ‘ముయాంగ్’ అంటే ఊరు, నాగరికత, రాజ్యం. ‘పా’ అంటే అడవి, అంటే పులులు, జ్వరాలు, దయ్యాలు, పన్ను కట్టని మనుషులు. అనాగరికతను సూచించే ‘పా థుయెన్’ అనే మాటలో కూడా అడవే ఉంది. అడవుల్లో తిరుగుతూ ధ్యానం చేసే భిక్షువుల పరంపర గొప్పదే. 1932లో బుద్ధదాస భిక్షువు దక్షిణాన సువాన్ మోఖ్ అనే వనాన్ని స్థాపించి చెట్ల కింద కూర్చోవడమే ధర్మశ్రవణం అన్నంత సాదాగా జీవించి చూపాడు. కానీ రాజ్యానికి అడవి టేకు దుంగల నిధి, ఆ తరువాత మొక్కజొన్నకూ కర్రపెండలానికీ నేల. 1961లో దేశ విస్తీర్ణంలో 53 శాతం ఉన్న అడవి 1998 నాటికి 25 శాతానికి పడిపోయింది. ఇప్పుడు అధికారులు చెప్పేది 31 శాతానికి కాస్త పైన; ఆ పెరుగుదలలో కొంత కొలిచే పద్ధతి మారడం వల్ల వచ్చింది. ఒక తరం బతికి ఉండగానే సగం అడవి పోయిన దేశం అది, ఆ తరంలో గుడికి వెళ్లనివారు అరుదు.

మలుపు వరద రూపంలో వచ్చింది. 1988 నవంబర్‌లో దక్షిణాన నఖోన్ సి థమ్మరాత్ పరిసరాల్లో కుండపోత వానలు కురిశాయి. ఆ ఊరి పేరు అసలు రూపం నగర శ్రీ ధర్మరాజ. కొండవాలు మీద సహజమైన అడవి పోయి రబ్బరు తోటలు వచ్చాయి, వాటి వేళ్లు నేలను పట్టి ఉంచలేకపోయాయి. బురదతో పాటు నరికి వదిలేసిన దుంగలు పల్లెల మీద పడ్డాయి. వందల మంది చనిపోయారు. 1989 జనవరిలో ప్రభుత్వం సహజ అడవుల్లో కలప నరికే లైసెన్సులన్నీ రద్దు చేసింది. ప్రపంచంలో అంత తొందరగా అంత పెద్ద నిషేధం వచ్చిన సందర్భాలు తక్కువ. కలప వ్యాపారులు ఊరుకుంటారా? పక్కనున్న బర్మా, లావోస్, కంబోడియా అడవుల వైపు తిరిగారు.

చెట్లకు దీక్ష ఇవ్వడం అనే ఆచారం పుట్టిందీ ఆ రోజుల్లోనే. దీన్ని ‘బువత్ తొన్ మాయ్’ అంటారు. ‘తొన్ మాయ్’ అంటే చెట్టు. ‘బువత్’ అనేది సన్యాసం స్వీకరించడాన్ని చెప్పే పాళీ మాట పబ్బజ్జ, అంటే మన ప్రవ్రజ్య, అరిగి మిగిలిన రూపం. ఉత్తరాన పయావ్ ప్రాంతంలో ఒక భిక్షువు 1980ల చివర మొదలుపెట్టగా, నాన్ ప్రాంతంలో ఫ్రా ఖ్రూ పితాక్ దీన్ని ఒక ఉద్యమంగా మలిచారు. చూడడానికి చిన్న తంతే. అడవిలో ఒక పెద్ద చెట్టును ఎంచుకుంటారు. దాని మొదట్లో బుద్ధ విగ్రహం పెడతారు, మంత్రాలు చదువుతారు, భిక్షువులు కట్టుకునే కాషాయాన్ని మానుకు చుడతారు. ఊరి క్షేత్ర దేవతకు విడిగా నైవేద్యం ఉంటుంది, ఎందుకంటే బుద్ధుడు క్షమిస్తాడేమో గానీ ఆ దేవత క్షమించదు. రావికీ వేపకూ పెళ్లి చేసే తెలుగు పల్లెవారికి ఇదంతా వింతగా తోచదు.

చెట్టు నిజంగా భిక్షువు అయిపోయిందని అక్కడ ఎవరూ అనుకోరు. సన్యాసం మనుషులకే అని పితాక్ లాంటివారికి బాగా తెలుసు. బౌద్ధ సంఘంలో ఛాందసులైన పెద్దలు తప్పుపట్టారు కూడా. అసలు పని వేరేచోట జరుగుతుంది. నాన్‌లో 1991లో జరిగిన ఒక దీక్షలో చుట్టుపక్కల గ్రామాల పెద్దలు విగ్రహం ఎదుట నిలబడి మంత్రించిన నీళ్లు తాగారు. అడవిని కాపాడతామన్న ప్రమాణం అలా గొంతు దిగింది. ఆ చెట్టుకు కొట్టిన పలక మీద ‘అడవిని నాశనం చేయడం అంటే చాత్‌ను నాశనం చేయడం’ అని రాశారు. చాత్ అంటే జాతి. థాయ్‌లో ఆ మాటకు దేశం అనీ, జీవితం అనీ, జన్మ అనీ అర్థాలున్నాయి. దేశభక్తుడు ఒక విధంగా, రైతు ఇంకో విధంగా, వచ్చే జన్మ గురించి భయపడే ముసలమ్మ మరో విధంగా చదువుకోవచ్చు. ఒక్క పలకతో ముగ్గురినీ పట్టుకున్న ఆ రాతగాడి తెలివి మెచ్చుకోదగ్గది.

ఈ కాషాయానికి చట్టబలం లేదు. ఊరివాడు గొడ్డలి ఎత్తకుండా ఆపగలదేమో గానీ, పొరుగూరి కాంట్రాక్టరు యంత్రాన్ని ఆపుతుందన్న హామీ లేదు. బురీరామ్ ప్రాంతంలోని దోంగ్ యాయ్ అడవిలో, అడవి నుంచి పేదలను ఖాళీ చేయించి యూకలిప్టస్ వేయాలన్న సైనిక పథకానికి ఎదురు నిలిచిన ఫ్రా ప్రచాక్ అనే భిక్షువును 1991లో కాషాయంలో ఉండగానే అరెస్టు చేశారు. 2005లో చియాంగ్ మాయ్ ప్రాంతంలో ధ్యానవనం భూమి ఆక్రమణను అడ్డుకున్న భిక్షువు సుపోత్ హత్యకు గురయ్యారు. చెట్టుకు కట్టినప్పుడు రక్షణ ఇచ్చిన గుడ్డ, దాన్ని కట్టుకున్న మనిషిని కాపాడలేకపోయింది. ఉత్తరాది రైతు సంఘాలు దీని నుంచి పాఠం నేర్చుకున్నట్టున్నాయి. భూమిబల్ రాజు సింహాసనమెక్కి 1996లో యాభై ఏళ్లు నిండిన సందర్భంగా ఆయన గౌరవార్థం 5 కోట్ల చెట్లకు దీక్ష ఇస్తామని ప్రకటించాయి. రాజు పేరు మీద జరిగే పనిని ఏ అధికారి ఆపగలడు?

కాషాయం రాకముందు నుంచే చెట్లకు గుడ్డలు కట్టే అలవాటు ఉంది. తకియన్ అనే మహావృక్షంలో ‘నాంగ్ తకియన్’ అనే స్త్రీ నివసిస్తుందని నమ్మకం. అలాంటి చెట్ల మానుకు రంగురంగుల పట్టు గుడ్డలు, మొదట్లో చీరల్లాంటి దుస్తులు, అద్దాలు, దువ్వెనలు కనిపిస్తాయి. ఇందులో గమ్మత్తు ఏమిటంటే, ఆమెను కొలిచేవారిలో చాలామంది అడిగేది లాటరీ అంకెలు. ప్రభుత్వ లాటరీ నెలకు రెండుసార్లు, 1వ తేదీన, 16న తీస్తారు. ఆ ముందు రోజుల్లో జనం తకియన్ మాను మీద పొడి చల్లి, చేత్తో రుద్ది, బెరడు గీతల్లో అంకెలు వెతుకుతారు. అడవి మీద ప్రేమ అనలేం. ఆ చెట్టు మాత్రం నిలబడి ఉంది.

ఆశ కూడా కాపాడగలదని తకియన్ చూపిస్తే, పుణ్యం కూడా చంపగలదని గుడి వాకిట్లో అమ్మే పంజరాలు చూపిస్తాయి. పక్షులను, చేపలను వదిలిపెట్టడం ‘థమ్ బున్’, అంటే పుణ్యకార్యం. చిన్న వెదురు పంజరంలో నాలుగైదు మునియా పిట్టలు ఉంటాయి. కొని, కళ్లు మూసుకుని మొక్కి, తలుపు తీస్తే ఎగిరిపోతాయి. వాటిని వరి పొలాల్లో వలవేసి పట్టింది ఈ తలుపు తీయడం కోసమే. పట్టే క్రమంలో, బందీలుగా ఉన్న రోజుల్లో చాలా చనిపోతాయి. వదిలినవాటిని మళ్లీ పట్టి అమ్మడమూ ఉంది. చేపల సంగతి ఇంకా చిక్కు. పెంపకపు సంకర జాతి జెల్లలను, బయటి దేశాల తాబేళ్లను నదిలో వదిలితే స్థానిక జాతులకు తిండీ చోటూ తగ్గిపోతాయి. రేవు మెట్ల దగ్గర ఉచితంగా దొరికే అభయదానం, అదే గుడి గేటు దగ్గర సరుకు. విమర్శించే బౌద్ధ గురువులు, జీవశాస్త్రవేత్తలు ఉన్నారు. పంజరాలూ ఉన్నాయి.

రాజ్యం గీసిన గీతల చరిత్ర ఇంత రంగులమయం కాదు గానీ ఫలితాలు పెద్దవి. వేటగాడిగా మొదలై అడవి పక్షాన నిలిచిన వైద్యుడు బూన్‌సోంగ్ లేకాగున్ వంటివారి ఒత్తిడితో 1962లో ఖావో యాయ్ తొలి జాతీయ పార్కు అయింది. ఇప్పుడు అలాంటివి వంద దాటాయి. కాగితం మీది పార్కు అడవిలో పార్కు కావడానికి మాత్రం ఒక ప్రాణం పోవలసి వచ్చింది. పశ్చిమాన హువాయ్ ఖా ఖేంగ్ అభయారణ్యానికి అధిపతిగా ఉన్న సుయెబ్ నాఖసథియెన్, అంతకుముందు దక్షిణాన చియావ్ లాన్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోతున్న జంతువులను పడవల్లో తరలించిన మనిషి. ఎంత కష్టపడ్డా అనేకం చచ్చిపోవడం కళ్లారా చూసి, ఆనకట్టలకు గట్టి వ్యతిరేకి అయ్యారు. వేటగాళ్ల తూటాలకు సిబ్బంది బలవుతుంటే పైఅధికారుల నుంచి సాయం అందక, 1990 సెప్టెంబర్ 1న తన ప్రాణం తానే తీసుకున్నారు. ప్రపంచ వారసత్వ హోదా కోసం ఆయన తయారుచేసిన ప్రతిపాదన మరుసటి ఏడాది ఆమోదం పొందింది. ఏటా ఆ తేదీన అక్కడ ఆయనను స్మరించుకుంటారు. సన్యాసి కాని ఒక ప్రభుత్వోద్యోగికి అలాంటి స్థానం దక్కడం ఎక్కడైనా అరుదే.

ఆ అడవిలోనే ఇప్పుడు పులులు పెరుగుతున్నాయి. గస్తీ ఎక్కడ తిరిగింది, ఏ ఉచ్చు ఎక్కడ దొరికింది అన్నది రోజూ నమోదు చేసి తరువాతి గస్తీని దాని ప్రకారం పంపే పద్ధతి ఫలించింది. 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో అడవి పులులు 179 నుంచి 223 వరకు ఉన్నాయి. మన నల్లమలకు అలవాటుపడిన చెవికి ఇది చిన్న అంకె కావచ్చు. పొరుగున లావోస్, కంబోడియా, వియత్నాం అడవుల్లో పులి మిగలలేదని గుర్తుంచుకుంటే దాని విలువ తెలుస్తుంది. అదే సమయంలో కాంచనబురిలో ‘పులుల గుడి’గా పేరుపడ్డ ఆలయం మీద 2016లో అధికారులు దాడి చేస్తే శీతలపెట్టెలో నలభై పులికూనల కళేబరాలు దొరికాయి. విదేశీ పర్యాటకులు అక్కడ డబ్బు కట్టి పులి పక్కన ఫోటో దిగేవారు. గుడి ప్రహరీ అన్న పాత నమ్మకం ఎంత పలచబడగలదో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఏనుగుల విషయంలో మంచి నిర్ణయమే చిక్కు తెచ్చింది. 1989 నిషేధంతో దుంగలు లాగే ఏనుగులు, మావటివాళ్లు ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు. కొందరు బ్యాంకాక్ వీధుల్లో అరటిపళ్లు అమ్ముకుంటూ తిరిగారు. తరువాత ఆ ఏనుగులే పర్యాటక శిబిరాల్లో వీపు మీద కుర్చీ మోశాయి. 1917 వరకు దేశపు జెండా మీద ఉన్న జంతువు అది. ఇప్పుడు స్వారీ మాన్పించి, దూరం నుంచి చూడనిచ్చే శిబిరాలు పెరుగుతున్నాయి. మరోవైపు తూర్పు జిల్లాల్లో అడవి ఏనుగులు తోటల్లోకి వచ్చి మనుషులను చంపడమూ పెరుగుతోంది. చిత్తూరు, పార్వతీపురం రైతులకు దీని గురించి ఎవరూ వివరించనక్కరలేదు.

సముద్రం దగ్గర గీత గీయడం కష్టం, ఎందుకంటే అక్కడ గీసేది సొంత ఆదాయం మీదే. పీ పీ దీవుల్లోని మాయా బే 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంతో ప్రపంచానికి తెలిసింది. చిత్రీకరణ కోసం తీరాన్ని చదును చేసి కొబ్బరిచెట్లు నాటినందుకు నడిచిన కోర్టు కేసు రెండు దశాబ్దాలు సాగింది. అంతకంటే పెద్ద నష్టం ప్రేక్షకులు చేశారు. రోజుకు 5,000 మంది వరకు దిగేవారు, పడవల లంగర్లు పగడాలను చితక్కొట్టాయి. 2018 జూన్‌లో తీరాన్ని మూసేశారు. మొదట నాలుగు నెలలు అన్నారు, 2022 జనవరి వరకు తెరవలేదు. ఆ మధ్యలో పగడపు ముక్కలను నాటారు. మనుషులు లేని లోతు తక్కువ నీళ్లలోకి నల్ల అంచు రెక్కల సొరచేపలు తిరిగి వచ్చాయి. ఇప్పుడు పడవలు వెనకవైపు రేవులోనే ఆగాలి, విడతల లెక్కన దిగాలి, ఈత నిషేధం, ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో పూర్తిగా మూత. వెళ్లినవారిలో కొందరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి సణుగుతారు. సణగనివ్వండి.

ప్లాస్టిక్ మీద పోరాటం ఒక పిల్ల ప్రాణితో మొదలైందని చెప్పవచ్చు. 2019లో తల్లి నుంచి తప్పిపోయిన ఒక సముద్రపు ఆవు పిల్లను లిబోంగ్ దీవి దగ్గర పశువైద్యులు పాలు పట్టి పెంచారు. మరియమ్ అని పేరు పెట్టారు. వాళ్లను కౌగిలించుకునే ఆ పిల్లను దేశమంతా తెర మీద చూసి మురిసింది. ఆగస్టులో అది చనిపోయింది. పేగుల్లో ప్లాస్టిక్ ముక్కలు దొరికాయి. 2020 జనవరి 1 నుంచి పెద్ద దుకాణాలు ఉచిత సంచులు ఇవ్వడం మానేశాయి. సంతల్లో, బండ్ల మీద పద్ధతి అంతగా మారలేదు. కాఫీ కూడా సంచిలో పోసి, గొట్టం గుచ్చి ఇచ్చే దేశం అది. పార్కుల్లో పగడాలకు చేటు చేసే రసాయనాలున్న ఎండ లేపనాలను 2021లో నిషేధించారు, జరిమానా లక్ష బాత్‌ల వరకు. అయితే లిబోంగ్ చుట్టూ సముద్రపు గడ్డి ఎండిపోతూ ఉంది, అదే తిని బతికే సముద్రపు ఆవులు మరిన్ని చనిపోతున్నాయి. సంచిని నిషేధించినంత తేలిక కాదు అది.

కార్తీక పౌర్ణమి రాత్రి థాయ్‌లాండ్‌లో ఉంటే తెలుగువారికి ఇల్లు గుర్తుకొస్తుంది. లోయ్ క్రథోంగ్ పండుగ అది. క్రథోంగ్ అంటే ఆకు దొప్ప, లోయ్ అంటే తేలడం. అరటి బోదె ముక్క మీద ఆకులు మడిచి, పువ్వులు, కొవ్వొత్తి పెట్టి నీళ్లలో వదులుతారు. పోలి పాడ్యమి నాడు తెల్లవారుజామున గోదావరి మెట్ల మీద వదిలే అరటి దొప్పల దీపాలకు ఇది అక్కచెల్లెలు. మొక్కేది కూడా ‘మే ఖొంగ్‌ఖా’కే, అంటే గంగమ్మ తల్లికి, ఏడాదంతా నీటిని వాడుకున్నందుకు, మురికి చేసినందుకు క్షమించమని అడుగుతారు. ఆ క్షమాపణతోనే మరికొంత మురికి చేరుతుంది. మరునాడు తెల్లవారేసరికి బ్యాంకాక్ నగర సిబ్బంది పడవల్లో లక్షల దొప్పలు ఏరుతారు. ఒకప్పుడు థర్మాకోల్‌వి చాలా ఉండేవి, ఇప్పుడు ఆకులు, బోదెలతో చేసినవే అధికం. చేపలు తింటాయని రొట్టెతో చేసినవీ వచ్చాయి. అవి చెరువులో ఎక్కువైతే నీరు కుళ్లి చేపలే చనిపోతాయి.

ఇక గీతకు బయట మిగిలినవారి సంగతి. ఉత్తర, పశ్చిమ కొండల్లో కరెన్ ప్రజలు పార్కుల కంటే చాలా ముందు నుంచి ఉన్నారు. ఉత్తరాది కరెన్ పల్లెల్లో బిడ్డ పుట్టగానే బొడ్డుతాడును వెదురు గొట్టంలో పెట్టి ఒక చెట్టుకు కడతారు. ఆ చెట్టు ఆ బిడ్డకు తోబుట్టువు, దాన్ని నరకకూడదు. ఊరిలో ఎంతమంది పుడితే అన్ని చెట్లు. కాషాయం కట్టే ఆచారం పుట్టకముందు నుంచే ఉన్న గీత ఇది. అయినా ప్రభుత్వ పత్రాల్లో వాళ్లు చాలాకాలం ఆక్రమణదారులు, పోడు పేరుతో అడవిని తగలబెట్టేవారు.

రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2018లో ఒక పెద్ద నిర్మాణ సంస్థ అధిపతి థుంగ్ యాయ్ నరేసువాన్ అభయారణ్యంలో గుడారం వేసుకుని దొరికాడు. అక్కడ తుపాకులు, తోలు ఒలిచిన నల్ల చిరుత ఉన్నాయి. జనం భగ్గుమన్నారు, బ్యాంకాక్ గోడల మీద నల్ల చిరుత బొమ్మలు వెలిశాయి, 2021 చివర సుప్రీం కోర్టు శిక్ష ఖరారు చేసేవరకు కేసు సాగింది. 2014లో కేంగ్ క్రాచాన్ పార్కులో ఒక కరెన్ కార్యకర్తను అడవి తేనె తీసుకువెళ్తున్నాడని సిబ్బంది పట్టుకున్నారు. విడిచిపెట్టామని వారు చెప్పారు. అతడు ఇంటికి చేరలేదు. అప్పటికి కొన్నేళ్ల ముందు అక్కడి కరెన్ ఇళ్లను, ధాన్యపు కొట్లను తగలబెట్టి ఖాళీ చేయించిన ఘటన మీద అతడు న్యాయపోరాటానికి సాయపడుతున్నాడు. 2019లో ఆ పార్కు జలాశయం అడుగున ఒక ఇనుప పీపా, దానితో పాటు అతడిదిగా గుర్తించిన ఎముక ముక్క దొరికాయి.

2021 మొదట్లో అక్కడి కుటుంబాలు కొన్ని తమ పాత ఊరికి, పై బాంగ్ క్లోయ్‌కి, కాలినడకన తిరిగి వెళ్లాయి. ఆ చోటును వాళ్లు ‘చాయ్ ఫేన్ దిన్’, నేల గుండె అని పిలుస్తారు. మార్చిలో అధికారులు హెలికాప్టర్లలో వెళ్లి వాళ్లను దించుకొచ్చి, కొందరిని జైలుకు పంపారు. మానవ హక్కుల నిపుణులు అభ్యంతరం చెప్పారు. జూలైలో కేంగ్ క్రాచాన్ అడవి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.